పరగడుపు పిలుపు

ఆ ఆదివారం పొద్దున మొగిలి వేసుకున్న లెక్కలో పొరపాటుకు చోటే లేదు. గోదావరిఖని చౌరస్తాలో గడ్డం గీయించుకోవాలి. చాకలి దగ్గరి నుంచి ఇస్త్రీ చొక్కా తెచ్చుకోవాలి. తమలపాకులు, వక్కలు, బెల్లం తువ్వాలలో కట్టుకొని ఎండ ముదరకముందే రాయమల్లు క్వార్టరుకు వెళ్లాలి. వెంట వచ్చిన పెద్దమనిషి పిల్లనిమ్మని ఒక్క మాట అడుగుతాడు, వాళ్లు తాంబూలం అందుకుంటారు, అందరూ చాయ్ తాగుతారు. ఆ తర్వాత మొగిలి మ్యాట్నీకి వెళ్తాడు. సినిమా ఏదైనా ఫరవాలేదు, తెర మీద ఎవరు ఆడినా అతనికి కనిపించేది సారవ్వే.

మొగిలిది పరకాల దిక్కు ఊరు. తల్లీ తండ్రీ లేరు. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం దగ్గర పని. సారవ్వ తండ్రి రాయమల్లు అదే గనిలో బొగ్గు నింపుతాడు. రెండిళ్లకూ కులం కలిసింది, ఇంటిపేరు కలవలేదు. పెళ్లికి రెండూ అట్లాగే ఉండాలి. ఇక మిగిలింది వరుస. ఆ విషయంలో మొగిలి ముందుచూపును మెచ్చుకోవాల్సిందే. నల్లా దగ్గర సారవ్వను మొదటిసారి చూసిన సాయంత్రమే, అంతవరకు ముఖపరిచయం కూడా లేని రాయమల్లుకు ఎదురువెళ్లి, "మామా, బాగున్నవా" అని పలకరించాడు. ఆయన తెల్లబోయి, "బాగున్న" అన్నాడు. ఆ ఒక్క మాటతో మొగిలి అల్లుడి వరుసలో పడ్డాడు.

క్వార్టర్ల లైనులో వరుస ఆషామాషీ వ్యవహారం కాదు. గనులు తెరిచాక ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చిపడ్డ జనం అది. రక్తసంబంధాలు ఊళ్లలోనే ఉండిపోయాయి గనుక, ఇక్కడ ఎవరికి వారు పిలుపులతో చుట్టరికాలు కట్టుకున్నారు. ఒకాయనను అన్న అంటే ఆయన భార్య వదిన అవుతుంది, ఆయన తల్లి మనకూ తల్లే అవుతుంది. ఒక పిలుపు కుదిరితే దాని వెనక బోలెడు పిలుపులు వచ్చి చేరేవి. ఈ చుట్టరికాల మీద అధికారమంతా రాయమల్లు తల్లి ఐలవ్వది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసినా నోరు పట్టేయలేదు. ఆమె సూత్రం చాలా సులువైనది. ఒకరు పిలవాలి, ఇంకొకరు పలకాలి. పలికితే వరుస పడ్డట్టే. గనిలోపలి పిలుపులకు లెక్క లేదు, అక్కడ అవసరం కొద్దీ ఎవరు ఎవరినైనా ఏమైనా అంటారు. వాకిట్లో నలుగురి ముందు పడ్డ పిలుపు మాత్రం తిరగదు.

పెద్దమనిషిగా ఎవరిని తీసుకుపోవాలన్న దగ్గర మొగిలికి తెలివి కాస్త ఎక్కువైంది. గుర్‌దయాళ్ సింగ్ అని పంజాబు నుంచి వచ్చిన ఫిట్టర్ మేస్త్రి ఉన్నాడు. యాభై దాటిన ఆజానుబాహువు. ఒకప్పుడు గనిలో పైకప్పు కూలి రాయమల్లు బొగ్గు కింద పడితే, సింగు అతణ్ణి గోనెసంచిని లాగినట్టు బయటికి లాగాడు. ఆనాటి నుంచి సింగు రాయమల్లుకు అన్న, ఐలవ్వకు పెద్దకొడుకు, సారవ్వకు పెద్దబాపు. ఐలవ్వను అతను తన భాషలో "బేబే" అని, అంటే అమ్మా అని పిలుస్తాడు. ఆమె చేతి మక్కగట్క తింటాడు. పిల్ల పెద్దబాపే వచ్చి పిల్లను అడిగితే కాదనే మొగాడెవడని మొగిలి ధీమా.

సింగు రాత్రి షిఫ్టు దిగి, స్నానం మాత్రం చేసి, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా నేరుగా రాయమల్లు వాకిట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తినడం ఎట్లాగూ బేబే చేతులమీదే కదా అని అతని ఆలోచన. ఐలవ్వ అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. రాయమల్లు బొగ్గుల పొయ్యి రాజేస్తుంటే పొగకు అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి, చూడబోతే అప్పుడే అప్పగింతలు జరుగుతున్నట్టుంది. మొగిలి గడప బయట చెప్పులు విడుస్తున్నాడు. సింగు అతణ్ణి చూసి, ప్రేమ పట్టలేక, గనిలో రోజూ పిలిచినట్టే గొంతెత్తి పిలిచాడు.

"ఓయ్ కాకా, లోపలికి రా!"

మొగిలి కూడా రోజూ పలికినట్టే, "ఆఁ, వస్తున్న" అన్నాడు.

ఐలవ్వ చేతిలో అడకత్తెర ఆగింది. పొయ్యి ఊదుతున్న రాయమల్లు ఊదడం ఆపాడు. తలుపు వెనక గాజుల చప్పుడు కూడా ఆగింది. కాక అంటే తండ్రి తమ్ముడని ఆ వాకిట్లో తెలియనిది సింగు ఒక్కడికే. ఆ సంగతి వివరించేసరికి అతను పకపకా నవ్వి, అంతలోనే కంగారుపడి, లేచి నిలబడ్డాడు.

"అరే బేబే, మా ముల్కుల కాకా అంటె చిన్న పోరడు. బచ్చా. నేను బచ్చా అనే పిలిచిన."

ఐలవ్వ తెలివితక్కువ మనిషి కాదు. ఒక్కో దేశంలో ఒక్కో మాటకు ఒక్కో అర్థం ఉంటుందని ఆమెకు చెప్పాల్సిన పనిలేదు, లైనులో గోరఖ్‌పూర్ వాళ్ల దగ్గరి నుంచి మలయాళీల దాకా అందరూ ఉన్నారు. ఆమె శాంతంగానే తీర్పు చెప్పింది. పిల్లవాడు అన్న అర్థమే తీసుకుంటే మొగిలి సింగుకు కొడుకు లెక్క, సింగు సారవ్వకు పెద్దబాపు, కాబట్టి మొగిలి సారవ్వకు అన్న అవుతాడు. మన అర్థమే తీసుకుంటే తన పెద్దకొడుక్కు కాక గనుక, చనిపోయిన తన మొగుడికి తమ్ముడు, తనకు మరిది, సారవ్వకు చిన్నతాత. ఎట్లా చూసినా పెళ్లి కుదరదు.

"మన వాకిట్ల పడ్డ మాటకు మన అర్థమే నడుస్తది," అందామె. "మరిదీ, ఎండల నిలవడ్డవేంది, వచ్చి కూసో."

మొగిలి తాను ఏడాదిగా పిలుస్తున్న "మామ" సంగతి ఏమిటని అడిగాడు. ఇంటి పెద్దకొడుకు పిలుపు ముందు బయటివాడి పిలుపు నిలవదని ఐలవ్వ కొట్టిపారేసింది. రాయమల్లు నిజానికి మొగిలి మీద ఇష్టం ఉన్నవాడే. కాని తల్లి మాటకు ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతో రాలేదు. పొయ్యి దగ్గరి నుంచి లేచి, మంచం మీద చోటు చూపించి, "కూసో కాకా" అన్నాడు. అతని భార్య సమ్మవ్వ కొంగు తలమీదికి లాక్కొని తలుపు చాటుకు జరిగింది. తాంబూలం తువ్వాల మొగిలి ఒళ్లోనే ఉండిపోయింది. మ్యాట్నీకి అతను వెళ్లలేదు.

ఒక మనిషి వరుస మారితే ఒక్క ఇంటితో పోదు. రాయమల్లును అన్న అనేవాళ్లందరికీ మొగిలి కాక అయ్యాడు, బాపు అనేవాళ్లకు తాత అయ్యాడు. మొన్నటిదాకా ఒకే గదిలో ఉంటూ ఒకే బీడీని పంచుకున్న బిక్షం, ఇప్పుడు అతను రాగానే బీడీని వీపు వెనక దాచుకోవడం మొదలుపెట్టాడు. ఒకరి కోడి వేరొకరి బొగ్గు కుప్పలో గుడ్డు పెట్టిందన్న పంచాయితీకి మొగిలిని పెద్దమనిషిగా పిలిచి, గుడ్డు ఎవరిదో చెప్పమన్నారు. నల్లా దగ్గర ఆడవాళ్లు "తాత వచ్చిండు, జరుగున్రి" అని దారి ఇచ్చారు. ఆ ఆడవాళ్లలో సారవ్వ కూడా ఉంది. మొగిలికి ఇరవై ఐదేళ్లు నిండలేదు, కాని ఆ వారం అతను నిజంగానే ముసలివాడైనట్టు నడుము వంచి నడిచాడు. అతనికి ఏడుపు వచ్చేది, కాని తాత స్థానంలో ఉండి ఏడవడం ఎట్లాగో తెలియలేదు.

అందరికంటే ఎక్కువగా ఐలవ్వే ఈ వరుసను అనుభవించింది. మరిదితో వేళాకోళమాడే హక్కు ఆమెకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. దారిలో ఎదురైనప్పుడల్లా, ఇంత వయసొచ్చినా పెళ్లి చేసుకోకుండా తిరుగుతున్నావేమని ఎగతాళి చేసేది. మొగిలి సమాధానం చెప్పబోయేలోగానే, మంచి పిల్ల ఉంటే తానే చూస్తానని మాట ఇచ్చేది.

ఇక లాభం లేదని మొగిలి టైం ఆఫీసులో గుమస్తా వేంకటరమణను ఆశ్రయించాడు. ఆయనది మంథని. ఇంట్లో తరతరాలుగా వేదం, కోవెల సేవ. ఈయనకు మాత్రం మాటల పుట్టుక పిచ్చి. ఎవరైనా ఒక పూట నాగా పెట్టుకుంటానని వస్తే, నాగా అన్న మాట ఏ దేశం నుంచి ఏ దారిన వచ్చిందో చెప్పి ముగించేసరికి షిఫ్టు కూత పడేది, వాడికి ఎట్లాగూ నాగా పడేది. పంజాబీ కాకా వేరు, మన కాక వేరు అని ఐలవ్వ ముందు ఒక్క ముక్క చెప్పి రమ్మని మొగిలి బతిమాలాడు. తన విద్య కోసం ఒక మనిషి ఇంటిదాకా రమ్మనడం వేంకటరమణ జన్మలో అదే మొదటిసారి. ఆయన ఉత్తరీయం కూడా వేసుకొని వచ్చాడు.

వచ్చినవాడు ఒక్క ముక్కతో ఆగలేదు. మరాఠీలో కాకా అంటే మనలాగే తండ్రి తమ్ముడని మొదలుపెట్టాడు. ఫారసీలో కాకా అంటే అన్న అని చెప్పాడు. మలయాళంలో కాక్క అంటే కాకి అని నవ్వుతూ చేర్చాడు. ప్రతి భాషా వినగానే ఐలవ్వ కళ్లు మూసుకొని లెక్క కట్టసాగింది. అన్న అంటే మొగిలి సింగుకు అన్న, కాబట్టి సారవ్వకు పెద్దబాపు. కాకి దగ్గర ఆమె కాసేపు ఆలోచించి, పెద్దలకు పెట్టిన ముద్ద తినేది కాకే కదా అని గుర్తుచేసుకొని, మొగిలిని తాతల కంటే పైకి, చనిపోయిన ముత్తాతల్లోకి జరిపింది. మొగిలి వేంకటరమణ ఉత్తరీయం వెనక నుంచి లాగుతూనే ఉన్నాడు.

"అయితే అయ్యగారూ," అని ఐలవ్వ ఆఖరున అడిగింది, "ఇవన్ని వేరువేరు మాటలా, ఒక్కటేనా?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్లూ ఎదురుచూసినట్టు వేంకటరమణ ముఖం వెలిగిపోయింది. "నన్నడిగితే మూలం ఒక్కటే అంటానమ్మా. ఏ దేశపు పసిపాప అయినా మాట రాకముందు కా కా అనే అంటుంది. ఆ కూతకు ఎదురుగా ఉన్నవాణ్ణి బట్టి ఒక్కొక్కరు ఒక్కో అర్థం పెట్టుకున్నారు."

"ఒక్కటేనంట, విన్నవా మరిదీ," అంది ఐలవ్వ తృప్తిగా. ఆయనకు చక్కెర వేసిన పాలు ఇప్పించింది. వేంకటరమణ ఒక మంచిపని చేశానన్న సంతోషంతో ఇంటికి వెళ్లాడు.

ఆ మరునాడే అసలు పిడుగు పడింది. వచ్చే ఆదివారం రామకృష్ణాపూర్ నుంచి ఆగయ్య అనే ఆయన తన కొడుకు కొమురెల్లిని తీసుకొని సారవ్వను చూడడానికి వస్తున్నాడట. పిల్లవాడికి అక్కడి గనిలోనే పని, చేతికి గడియారం కూడా ఉంది. ఇంటి పెద్దమనిషిగా మొగిలి వచ్చి మంచం మీద కూర్చొని, పిల్లవాణ్ణి నాలుగు మాటలు అడిగి, "మాకు సమ్మతే" అని చెప్పాలని ఐలవ్వ కబురు పంపింది. తాను చేసుకోవాలనుకున్న పిల్లను వేరొకడికి ఇవ్వడానికి తన నోటితో ఒప్పుకోవాలి. మొగిలి ఆ పూట అన్నం ముట్టలేదు. ఊరికి వెళ్లిపోదామని బట్టలు కూడా మూటగట్టుకున్నాడు.

బిందె పట్టుకొని నల్లాకు వచ్చిన సారవ్వ ఆ మూటను చూసింది. చుట్టూ ఎవరూ లేరు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఎటు పోతున్నవ్? ఆదివారం వచ్చి తాత లెక్క మంచం మీద కూసో. నోరు మెదపకు. పెద్దబాపును నేను తోలుకొస్త."

"మళ్ల సింగునా?" అన్నాడు మొగిలి భయంగా.

"బాపమ్మ లెక్కను బాపమ్మకే అప్పజెప్పాలె," అని బిందె నెత్తిన పెట్టుకొని ఆమె వెళ్లిపోయింది.

ఆదివారం వచ్చింది. మంచిర్యాల మీదుగా బస్సు పట్టుకొని ఆగయ్య పరివారం దిగింది. ఆగయ్యకు యాభై ఏళ్లుంటాయి, మీసం బాగా పెంచాడు. కొమురెల్లి బుద్ధిమంతుడు, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చున్నాడు. అతని తమ్ముడు, ఇద్దరు స్నేహితులు కూడా వచ్చారు. ఇంటి పెద్ద ఎవరని ఆగయ్య అడిగితే, ఐలవ్వ మొగిలిని చూపించి తన మరిది అని చెప్పింది. ఆగయ్య ఆ ఇరవై నాలుగేళ్ల మరిదిని, డెబ్బై ఏళ్ల వదినను మార్చి మార్చి చూసి, చుట్టరికాల్లో ఇట్లాంటివి ఉంటాయిలే అని సర్దుకున్నాడు. మొగిలి చెమటలు తుడుచుకుంటూ కొమురెల్లిని ఏ షిఫ్టని అడిగాడు.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగిన సింగు గని గేటు దగ్గరి నుంచే, సారవ్వ వెంట, చాయ్ చుక్కైనా తాగకుండా వాకిట్లో అడుగుపెట్టాడు. కిందటి వారం జరిగిన దానికి అతను కుమిలిపోతున్నాడు. మొగిలిని పేరు పెట్టి పిలవాలని దారిపొడుగునా సాధన చేసుకుంటూ వచ్చాడు కూడా. "నమస్తే మొగిలీ" అని తప్పులేకుండా అన్నాడు. సారవ్వ పెళ్లికొడుకును చూపించి, దీవించమని అడిగింది. కొత్తపిల్లవాడి విషయంలో సింగుకు ఎవరూ ఏ జాగ్రత్తా చెప్పి ఉండలేదు. అతను వెళ్లి కొమురెల్లి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఓయ్ కాకా, బాగున్నవా!"

కొమురెల్లి మర్యాదగా లేచి నిలబడి, "ఆఁ, బాగున్న సాబ్" అన్నాడు.

ఐలవ్వ "ఓరి నీ..." అని ఆగిపోయింది. సింగుకు అదేమీ పట్టలేదు, అంతమంది కుర్రవాళ్లను ఒక్కచోట చూసి అతనికి హుషారు వచ్చింది. కొమురెల్లి తమ్ముణ్ణి కాకా అన్నాడు, అతను పలికాడు. స్నేహితులిద్దర్నీ కాకా అన్నాడు, వాళ్లూ పలికారు. చూస్తుండగానే వాకిలి తాతలతో నిండిపోయింది. మొగిలి నోరు మెదపొద్దన్న మాట మరచిపోలేదు గాని, ఇంటి పెద్దమనిషిగా అడగక తప్పదనిపించింది.

"వదినా, పిలిచిండు. పలికిండు. ఏమంటవ్ మరి?"

ఐలవ్వ కళ్లు అప్పటికే మూసుకుపోయి లెక్క ముందుకు సాగుతోంది. కొమురెల్లి తన పెద్దకొడుక్కు కాక. అంటే తన మొగుడికి తమ్ముడు. మరి కొమురెల్లి తండ్రి ఆగయ్య? తన మొగుడికి తండ్రి. అంటే తనకు మామ. ఐలవ్వ చప్పున కళ్లు తెరిచింది. కొంగు తలమీదికి లాగి, ముక్కుదాకా దించి, మోకాళ్లు పట్టుకొని లేచి, గోడవారగా నిలబడింది. మామ ఎదుట కోడలు కూర్చోకూడదు. ఆ నియమం తెలియనివాళ్లను లైనులో ఎందరినో ఆమె స్వయంగా తిట్టి ఉంది.

ఆగయ్య కంగారుపడి, కూర్చోమని ఆమెను బతిమాలాడు. మామ స్వయంగా పలకరించేసరికి ఆమె ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. కోడలు నిలబడితే ఆమె కోడలు మాత్రం ఎట్లా కూర్చుంటుందని సమ్మవ్వ కూడా వచ్చి నిలబడింది. తల్లి నిలబడిందని రాయమల్లు నిలబడ్డాడు. ఆగయ్యకు ఎంతసేపటికీ చాయ్ ఇచ్చేవాళ్లు లేరు, ఎందుకంటే ఇవ్వాల్సినవాళ్లంతా గోడకు అంటుకొని ఉన్నారు. ఐలవ్వ మోకాళ్లు వణకడం అందరికీ కనిపిస్తూనే ఉంది. తలుపు వెనక సారవ్వ నవ్వు ఆపుకోలేక ఒక తపేలా కింద పడేసింది.

చివరికి ఆగయ్యే లేచాడు. ఈ ఇంట్లో ఎవరికి ఎవరు ఏమవుతారో దేవుడికైనా తెలుసో లేదోనని, అవ్వ మనసు కుదుటపడ్డాక కబురు పెట్టమని రాయమల్లు చెవిలో చెప్పి, పరివారాన్ని వెంటబెట్టుకొని బస్సు అందుకోవడానికి వడివడిగా వెళ్లాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఐలవ్వ నిలబడే ఉంది. మలుపు తిరగగానే అరుగు మీద కూలబడి ముసుగు తీసేసింది.

సారవ్వ నీళ్లచెంబు తెచ్చి ఇచ్చి, నెమ్మదిగా అంది. "బాపమ్మా, పెద్దబాపుకు కండ్లవడ్డ ప్రతి పోరడు నాకు తాతనే అయితడు. నాకు ఇగ పెండ్లి లేనట్టేనా?"

ఐలవ్వ నీళ్లు తాగింది. మోకాళ్లు రాసుకుంది. తనది తప్పని ఒప్పుకునే అలవాటు ఆమెకు లేదు, ఇప్పుడు కొత్తగా చేసుకునే ఉద్దేశమూ లేదు. సింగు వైపు తిరిగింది.

"పొద్దున ఏం తిన్నవ్ కొడుకా?"

"ఏం తిన్లే బేబే."

"కిందటి ఆదివారం?"

"అప్పుడు సుత ఏం తిన్లే. నువ్వు పెడ్తవని."

"పరగడుపున పిలిచిన పిలుపు పిలుపు గాదు," అంది ఐలవ్వ. అట్లాంటి నియమం ఒకటి ఉందని లైనులో ఎవరూ అంతవరకు విని ఉండలేదు. ఎప్పటినుంచి ఉందని రాయమల్లు నోరు జారి అడిగాడు. "నా మోకాళ్లు నొచ్చినప్పటి సంది," అని ఆమె అతని నోరు మూయించింది. తర్వాత మొగిలిని పిలిచి, మంచం మీది నుంచి దిగమంది. వారం రోజుల్లో మొదటిసారి అతణ్ణి పోరడా అంది. తాంబూలం ఏదని అడిగింది. కిందటి వారం తువ్వాల అతని గదిలోనే ఉంది, ఆకులు వాడిపోయాయి గాని బెల్లం బాగానే ఉంది. మొగిలి పరుగెత్తుకెళ్లి తెచ్చాడు. వచ్చేటప్పుడు చెప్పులు వేసుకోవడం మరచిపోయాడు.

పెళ్లి అదే వాకిట్లో పందిరి వేసి చేశారు. వేంకటరమణ పిలవకుండానే వచ్చి, పందిరి అన్న మాట ఎక్కడిదో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. బిక్షం అందరి ముందూ మొగిలి చేతిలోంచి బీడీ లాక్కొని తాగి పాత లెక్క సరిచేసుకున్నాడు. సింగు కొత్త తలపాగా చుట్టుకొని ముందు వరుసలో కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ పులిహోర వాసన వస్తూనే ఉంది, కాని పెద్దబాపుకు ఎవరూ ఏమీ పెట్టకూడదని ఐలవ్వ వంటవాళ్ల దగ్గరే కాపలా కూర్చుంది. ఆ ఆకలిలో, ఆ ఆనందంలో అతను పెళ్లికొడుకును నోరారా కాకా అని ఎన్నిసార్లు పిలిచాడో. మొగిలి కూడా అన్నిసార్లూ దర్జాగా పలికాడు. ఒక్కరూ పట్టించుకోలేదు.

తలంబ్రాలు పడ్డాక ఐలవ్వ స్వయంగా విస్తరి వేసి, పక్కన కూర్చుని, పెద్దకొడుక్కు కడుపునిండా పెట్టింది. సింగు చేతులు కడుక్కొని, త్రేన్చి, సంతోషంగా పెళ్లికొడుకు వైపు తిరిగి, "ఓయ్ కాకా" అన్నాడు. మొగిలి కిందికి వంగి తలంబ్రాల బియ్యం ఏరుకోసాగాడు.

ఆ రోజు మొదలు, సింగు అన్నం తిని ఉన్నంతసేపు మొగిలికి చెవుడు.